అమెరికా గూడ్సు రైల్వేల విలీనాలు – ఎదురు చెప్పినవారి చరిత్ర

ప్రత్యేక సంచికకు రైల్వే చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని కార్యవర్గం వారు కోరారు. మన దక్షిణ మధ్య రైల్వే గురించి వ్రాయడానికి నాకంటె అనుభవజ్ఞులు సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే దేశపు సంగతి ఎంచుకున్నాను. మన సభ్యుల పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు కనుక అది మనకు మరీ పరాయి దేశమేమీ కాదు.

2025 జులై 29న అమెరికాలో యూనియన్ పసిఫిక్, నార్‌ఫోక్ సదరన్ అనే రెండు పెద్ద రైల్వే కంపెనీలు ఒకటవుతామని ప్రకటించాయి. మొదటిది పడమటి రాష్ట్రాల్లో, రెండవది తూర్పు రాష్ట్రాల్లో నడుస్తున్నవి. బేరం విలువ 8,500 కోట్ల డాలర్లు. రెండూ కలిస్తే 43 రాష్ట్రాల్లో 50,000 మైళ్ళకు పైగా లైను ఒకే యజమాని చేతిలోకి వస్తుంది. ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం దాకా ఒకే కంపెనీ గూడ్సు బండి నడపడం ఆ దేశ చరిత్రలో ఇంతవరకు లేదు. ప్రకటన వెలువడగానే వ్యతిరేకత కూడా మొదలయింది. ఇది విని మనవాళ్ళలో కొందరు, "కలిస్తే తప్పేమిటి? మన దేశంలోనూ కలిపారు కదా" అన్నారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబుగా వ్రాస్తున్నాను.

మన దగ్గర 1951, 52 సంవత్సరాల్లో కంపెనీ రైల్వేలను, సంస్థానాల రైల్వేలను కలిపి జోన్లు చేసిన మాట నిజమే. అయితే అన్నిటికీ యజమాని ప్రభుత్వమే. రేట్ల పట్టిక ఒకటే. జోను పెద్దదయినా చిన్నదయినా సిమెంటు పంపే పార్టీకి టన్నుకు పడే రేటు మారదు. పైగా పని సౌలభ్యం కోసం మనం తరువాత విడదీసుకుంటూ కూడా వచ్చాం. 1966 అక్టోబరు 2న మన జోను పుట్టింది దక్షిణ రైల్వే నుంచి, మధ్య రైల్వే నుంచి డివిజన్లు తీసుకునే. అమెరికాలో సంగతి వేరు. అక్కడ లైను, బండి, స్టేషను అన్నీ ప్రైవేటు కంపెనీవే. ఒక ఊరికి రెండు కంపెనీల లైన్లుంటే వర్తకుడు ఇద్దరినీ అడిగి బేరమాడుకోవచ్చు. ఆ రెండూ ఒకటయిన మరునాడు బేరం ఉండదు.

ఈ సంగతి అక్కడివారికి నూరేళ్ళ పైనుంచీ తెలుసు. 1901లో మినసోటా నుంచి పసిఫిక్ తీరం దాకా దాదాపు పక్కపక్కనే పోయే రెండు లైన్లుండేవి. ఒకటి గ్రేట్ నార్తర్న్, ఇంకొకటి నార్తర్న్ పసిఫిక్. జేమ్స్ హిల్, జె.పి. మోర్గాన్, హారిమన్ అనే ముగ్గురు ధనికులు ముందు వాటి షేర్ల కోసం కొట్టుకున్నారు. ఆ కొట్లాటలో 1901 మే నెలలో న్యూయార్కు షేర్ మార్కెట్టే కూలిపోయింది. తరువాత ముగ్గురూ రాజీపడి, నార్తర్న్ సెక్యూరిటీస్ అనే ఒక కంపెనీ పెట్టి రెండు రైల్వేల షేర్లూ అందులో వేశారు. మూడవదయిన బర్లింగ్టన్ లైను కూడా ఆ గొడుగు కిందికే వచ్చింది.

మొదట ఎదురు తిరిగింది మినసోటా రాష్ట్ర గవర్నరు వాన్ సాంట్. వెనుకనే అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ 1902లో కేంద్ర ప్రభుత్వం తరఫున దావా వేయించారు. మోర్గాన్ స్వయంగా అధ్యక్షుని వద్దకు వెళ్ళి, పొరపాటేదైనా ఉంటే మా మనుషులూ మీ మనుషులూ కూర్చుని సరిచేసుకోవచ్చు కదా అన్న ధోరణిలో మాట్లాడారట. దేశపు ప్రభుత్వాన్ని కూడా ఇంకో వ్యాపార సంస్థ అనుకున్నారన్నమాట. 1904 మార్చి 14న సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పి ఆ కంపెనీని రద్దు చేసింది.

ఇంకొకటి కూడా ఆ రోజుల్లోదే. సదరన్ పసిఫిక్ అధిపతి హంటింగ్టన్ 1900లో చనిపోగానే, హారిమన్ తన యూనియన్ పసిఫిక్ డబ్బుతో ఆ కంపెనీలో పెద్దవాటా కొన్నారు. 1912 డిసెంబరులో సుప్రీం కోర్టు దాన్నీ విడగొట్టింది.

ఈ రెండు తీర్పులూ పాఠకులు గుర్తుంచుకోవాలి. 1904లో విడగొట్టిన లైన్లు 1970 మార్చిలో బర్లింగ్టన్ నార్తర్న్ పేరుతో కలిసిపోయాయి. ఈసారి సుప్రీం కోర్టే సరేనంది. 1912లో విడగొట్టిన రెండూ 1996లో కలిసిపోయాయి. ఎదిరించినవారు ఒక తరంలో గెలిస్తే, కంపెనీలు ఇంకో తరం దాకా ఓపిక పట్టాయి.

నార్తర్న్ లైన్ల కలయిక వల్ల ఏమయిందో మోంటానా గోధుమ రైతులను అడగాలి. 1970 తరువాత వారికి బర్లింగ్టన్ కాక మిల్వాకీ రోడ్ అనే ఇంకొక కంపెనీ మిగిలింది. ఆ కంపెనీ 1977లో దివాలా తీసి, 1980లో పడమటి లైను మూసేసింది. రాష్ట్రంలో చాలా భాగానికి ఇక ఒకే రైల్వే. ధాన్యాన్ని సముద్ర రేవు దాకా వందల మైళ్ళు లారీల మీద తోలితే గిట్టదు. వారు ఎక్కువ రేటు వసూలు చేస్తున్నారని 1980లో కేసు వేస్తే, అది 1997 దాకా నడిచింది. చివరికి రైతులు ఓడిపోయారు. రేటు అన్యాయమని రుజువు చేయవలసింది రైతే కనుక, లెక్కలన్నీ కంపెనీ దగ్గరే ఉంటాయి కనుక, వేరే ఫలితం రావడం కష్టమే.

తూర్పున పెన్సిల్వేనియా రైల్‌రోడ్, న్యూయార్క్ సెంట్రల్ అనే రెండు మహా కంపెనీలు 1968 ఫిబ్రవరి 1న పెన్ సెంట్రల్ అయ్యాయి. దీన్ని ఎదిరించిన వారిలో చెప్పుకోదగినవాడు మిల్టన్ షాప్. రైల్వేవాడు కాదు, ఎలక్ట్రానిక్స్ వ్యాపారి. పెన్సిల్వేనియా రాష్ట్రం నష్టపోతుందని కోర్టుల చుట్టూ తిరిగి పోరాడాడు, ఓడిపోయాడు. తరువాత 1971లో ఆ రాష్ట్రానికే గవర్నరయ్యాడు. ఆ సరికి పెన్ సెంట్రల్ దివాలా తీసి ఆరేడు నెలలయింది. 1970 జూన్ 21న కోర్టుకెక్కింది. పెళ్ళయి రెండేళ్ళ నాలుగు నెలలు. రెండు కంపెనీల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడవు. ఒక కంపెనీ యార్డు మాస్టర్లకు ఇంకో కంపెనీ రూట్లు తెలియవు. వే బిల్లు ఒకచోట, వ్యాగను ఒకచోట. అధికారుల్లో ఎర్ర జట్టు, ఆకుపచ్చ జట్టు అని రెండు వర్గాలు. మనలో ఆపరేటింగ్, కమర్షియల్ విభాగాల్లో పనిచేసినవారికి ఇంతకు మించి వర్ణించనక్కరలేదు.

యూనియన్ల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మొదట వ్యతిరేకించిన యూనియన్లు, ఉన్నవారెవరి ఉద్యోగమూ పోదని 1964లో కంపెనీల చేత ఒప్పందం వ్రాయించుకుని వ్యతిరేకత మానుకున్నాయి. వారిని నేను తప్పు పట్టను. వారి స్థానంలో మనమున్నా అదే చేసేవాళ్ళమేమో. కాని హామీ ఇచ్చిన కంపెనీయే రెండున్నరేళ్ళు నిలవలేదు. కుటుంబాలు వీధిన పడకుండా కాచింది ఆ కాగితం కంటె ప్రభుత్వ ధనమే. 1976 ఏప్రిల్ 1న ఆ లైన్లతో ప్రభుత్వం కాన్‌రైల్ అనే సంస్థను నడిపించింది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఇంకొకటుంది. అంత పెద్ద దివాలాలోనూ రిటైరయిన వారి ప్రాథమిక పెన్షను ఆగలేదు. 1930ల చివరి నుంచి అమెరికా రైల్వే ఉద్యోగుల పెన్షను కంపెనీ చేతిలో లేదు. ఉద్యోగి, కంపెనీ ఇద్దరూ కట్టే పన్నుతో ప్రభుత్వ రైల్‌రోడ్ రిటైర్‌మెంట్ బోర్డు ఇస్తుంది. దాని కార్యాలయం చికాగోలో ఉంది. అయితే పన్ను కట్టేది పనిలో ఉన్నవారే. పెద్ద కంపెనీల్లో ఉద్యోగులు 1980లో సుమారు 4,58,000 మంది ఉంటే, ఇటీవలి సంవత్సరాల్లో 1,20,000 దరిదాపుల్లో ఉన్నారు. ఆ నిధిలో ఇప్పుడు పనిచేసేవారు ఒకరుంటే పెన్షను పుచ్చుకునేవారు ఇద్దరికి పైగా ఉన్నారు. తగ్గుదల అంతా విలీనాల వల్లనే అనను. ఇంజను సాంకేతికం, గార్డు వ్యాను ఎత్తివేయడం, శాఖా లైన్ల మూత అన్నీ ఉన్నాయి. కాని ప్రతి విలీనపు దరఖాస్తులోనూ ఎంత "ఆదా" అవుతుందో ఒక పేజీ ఉంటుంది. ఆ ఆదాలో ఎక్కువ భాగం ఎవరి జీతమో మనకు తెలియనిది కాదు.

ఎదిరించినవారు ఎప్పుడూ ధర్మం వైపే ఉన్నారని కూడా అనుకోవద్దు. రాక్ ఐలాండ్ అనే బలహీనమైన కంపెనీ యూనియన్ పసిఫిక్‌లో కలవడానికి 1964లో దరఖాస్తు పెట్టుకుంది. పోటీ కంపెనీలు అడ్డుపుల్లలు వేశాయి. పదేళ్ళు విచారణ సాగింది. ఈలోగా ట్రాకు పాడయింది, బండ్లు పట్టాలు తప్పడం మామూలయింది. 1975లో దివాలా, 1980 మార్చి 31న ఏకంగా మూత. అక్కడ ఆలస్యమే కంపెనీ ప్రాణం తీసింది. కలిపి ఉంటే కొన్ని ఉద్యోగాలైనా మిగిలేవి.

1980లో స్టాగర్స్ చట్టం వచ్చాక రేట్ల మీద ప్రభుత్వ పట్టు సడలింది. కంపెనీలు బాగుపడ్డాయి, ట్రాకులు బాగుపడ్డాయి, ధరల పెరుగుదల తీసివేసి చూస్తే సగటు రేట్లు కూడా చాలా తగ్గాయి. ఇది ఒప్పుకోక తప్పదు. వెంటనే విలీనాల వరుస మొదలయింది. అప్పటికి నలభై వరకు ఉన్న మొదటి తరగతి కంపెనీలు ఇరవై ఏళ్ళలో ఏడయ్యాయి. ఈ వరుసలో గట్టిగా "వద్దు" అనిపించుకున్నది ఒక్కటే. శాంటా ఫే, సదరన్ పసిఫిక్ కంపెనీల మాతృసంస్థలు 1983లో కలిసి, అనుమతి రాకముందే ఇంజన్లకు ఎరుపు, పసుపు రంగులు వేయించడం మొదలుపెట్టాయి. ఇంజను పక్కన సగం అక్షరాలు వ్రాసి, మిగతా సగానికి చోటు వదిలారు. 1986 జులై 24న ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషను నాలుగు ఓట్లకు ఒకటిగా కుదరదంది. రెండూ పక్కపక్క లైన్లనీ, కాలిఫోర్నియా నుంచి దక్షిణపు దారిలో పోటీ చచ్చిపోతుందనీ కారణం. అంత తొందరగా రంగు వేయకండర్రా అని ఆ అక్షరాలకు రైలు అభిమానులు అర్థం కల్పించి నవ్వుకున్నారట.

అదే సదరన్ పసిఫిక్‌ను పదేళ్ళ తరువాత యూనియన్ పసిఫిక్ అడిగింది. ఈలోగా పాత కమిషను 1995 డిసెంబరు 31తో రద్దయి, సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అనే ముగ్గురు సభ్యుల బోర్డు వచ్చింది. కేంద్ర న్యాయశాఖ ఈ విలీనం వద్దంది. టెక్సాస్ రాష్ట్ర రైల్‌రోడ్ కమిషను అభ్యంతరం చెప్పింది. రసాయన కంపెనీల్లో పెద్దవి వద్దన్నాయి. బోర్డు 1996 జులై 3న ముగ్గురికి ముగ్గురూ సరేనని, పోటీ కోసం బర్లింగ్టన్–శాంటా ఫే కంపెనీకి దాదాపు 4,000 మైళ్ళ మీద బండ్లు నడిపే హక్కు ఇచ్చింది. మన భాషలో రన్నింగ్ పవర్స్. కాగితం మీద చూస్తే పోటీ నిలిచినట్టే.

తరువాతి వేసవిలో హ్యూస్టన్ యార్డులు బిగుసుకుపోయాయి. నేను ఈ విషయం శ్రద్ధగా చదవడానికి కారణం, 2004లో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్ళు హ్యూస్టన్‌లో ఉండటమే. అక్కడి గేట్ల దగ్గర సదరన్ పసిఫిక్ పేరుతో ఇంజన్లు అప్పటికీ కనబడేవి. కంపెనీ పోయి ఎనిమిదేళ్ళయినా రంగు మార్చే తీరిక దొరకలేదు కాబోలు.

యార్డు ఎలా బిగుస్తుందో ఆపరేటింగులో లేని సభ్యుల కోసం కొంచెం చెబుతాను. మన దగ్గర 1980ల నుంచి గూడ్సు ఎక్కువగా రేకుకు రేకే, లోడయినచోటి నుంచి దిగేచోటికి పోతున్నది. బిట్రగుంట వంటి మార్షలింగ్ యార్డుల వైభవం అందుకే పోయింది. అమెరికాలో బొగ్గు, గోధుమ అలా పోయినా, రసాయనాలు, ప్లాస్టిక్కు, కాగితం వంటివి నేటికీ ఒకటి రెండు వ్యాగన్లుగా బయలుదేరి యార్డు యార్డుకూ విడదీసి కలపబడుతూ పోతాయి. యార్డులో నూరు వ్యాగన్లకు చోటుంటే నూరూ పెట్టవచ్చు అనుకునేది మేజాబల్ల ముందు కూర్చున్నవారు. ముప్పాతిక వంతు నిండిందంటే షంటింగుకు ఖాళీ లైను దొరకదు. ఒక వ్యాగను తీయాలంటే నాలుగు కదపాలి. యార్డు తీసుకోనంటే వచ్చే బండ్లను దారిలో లూపు లైన్లలో స్టేబుల్ చేస్తారు. లూపులు నిండితే ఎదురుబండికి క్రాసింగు లేదు. బండి నిలిచినచోటే క్రూ డ్యూటీ గంటలు అయిపోతాయి. అక్కడి చట్టం ప్రకారం పన్నెండు గంటలు దాటి నడపకూడదు. ఇంకో క్రూను రోడ్డు మీద పంపాలి. ఇంజన్లు ఆ బండ్లకే అతుక్కుని ఉంటాయి కనుక, సిద్ధంగా ఉన్న బండికి పవర్ ఉండదు. నేను పనిచేసిన ఒక యార్డులో తుపాను తరువాత మూడు రోజులు ఇలా బిగుసుకుంటే సర్దడానికి మూడు వారాలు పట్టింది. హ్యూస్టన్‌లో ఇది నెలల తరబడి సాగింది.

ఇంగిల్‌వుడ్ అనే పెద్ద హంప్ యార్డు సదరన్ పసిఫిక్‌ది. ఆ కంపెనీకి ఎప్పుడూ డబ్బు కటకటే కనుక, అక్కడివాళ్ళు ఉన్న ఇంజన్లతో, ఉన్న మనుషులతో, ఏ పార్టీ వ్యాగను ఎక్కడ దాచి ఎప్పుడు తీయాలో అనుభవం మీద నెట్టుకొచ్చేవారు. కొత్త యజమాని తన పద్ధతి, తన కంప్యూటరు తెచ్చింది. పాతవారిలో చాలామంది వెళ్ళిపోయారు. యార్డు జ్ఞాపకశక్తి వారితోనే పోయింది. ఇది నా అభిప్రాయం. విలీనపు లెక్కల్లో ఈ జ్ఞాపకానికి పద్దు ఉండదు. ప్లాస్టిక్కు ఫ్యాక్టరీలకు ఖాళీ వ్యాగన్లు రాక ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. పంట ధాన్యం నేల మీద గుట్టలు పోశారు. ఇబ్బంది మెక్సికో సరిహద్దులో లరేడో దాకా, కాలిఫోర్నియా దాకా పాకింది.

1997 అక్టోబరు 31న బోర్డు అత్యవసర ఉత్తర్వు జారీ చేసి, టెక్స్ మెక్స్ అనే చిన్న రైల్వేకు హ్యూస్టన్ పార్టీల సరుకు ఎత్తే వీలిచ్చింది. అలాంటి ఉత్తర్వుకు చట్టం ఇచ్చే గరిష్ఠ గడువు 270 రోజులు. మొత్తం గడువూ వాడుకుని 1998 ఆగస్టులో గాని ఎత్తివేయలేదు. ఆ మార్చిలోనే రెండు పోటీ కంపెనీల కంట్రోలర్లు హ్యూస్టన్ పక్కన స్ప్రింగ్ అనే ఊళ్ళో ఒకే గదిలో కూర్చుని బండ్లు నడపడం మొదలుపెట్టారు. ఓమహాలో, వందల మైళ్ళ అవతల కూర్చుని హ్యూస్టన్ యార్డును నడపడం కుదరలేదన్నమాట. 1999 జూన్ 1న కాన్‌రైల్‌ను రెండు కంపెనీలు పంచుకున్నప్పుడు తూర్పునా ఇలాంటి అవస్థే పడ్డారు.

ఎదురు చెప్పినవారి మాట నిజంగా చెల్లింది ఈ దెబ్బ తరువాతనే. 1999 డిసెంబరు 20న బర్లింగ్టన్–శాంటా ఫే, కెనడియన్ నేషనల్ కలుస్తామన్నాయి. ఈసారి వర్తకులే కాదు, మిగతా నాలుగు పెద్ద రైల్వేలు కూడా వద్దన్నాయి. బోర్డు అధ్యక్షురాలు లిండా మోర్గాన్ 1996లో సరేనన్న ముగ్గురిలో ఒకరు. ఆమె నాయకత్వంలోనే 2000 మార్చి 17న పదిహేను నెలలపాటు పెద్ద విలీనాలేవీ తీసుకోమని బోర్డు ప్రకటించింది. కంపెనీలు కోర్టుకెళ్ళి జులైలో ఓడి, విలీనం మానుకున్నాయి. 2001 జూన్ 11న కొత్త నిబంధనలు వచ్చాయి. అంతకుముందు పోటీకి హాని జరుగుతుందని వ్యతిరేకులు చూపించాలి. ఇకమీదట పోటీ పెరుగుతుందని, జనానికి మేలని కంపెనీలే చూపించాలి. యార్డులు బిగుసుకుంటే ఏం చేస్తారో ముందే వ్రాసి ఇవ్వాలి. దీని వెనుక మరో విలీనం వస్తే దాని ఫలితమూ చెప్పాలి. మోంటానా రైతు మీద పదిహేడేళ్ళు పడిన బరువు వంటిదే, ఈసారి కంపెనీ నెత్తికెత్తారు.

ఆ నిబంధనల కింద పెద్ద విలీనం ఏదీ ఇంతవరకు పూర్తి కాలేదు. కెనడియన్ పసిఫిక్ 2015లో నార్‌ఫోక్ సదరన్‌ను అడిగి, ప్రతిఘటన చూసి 2016 ఏప్రిల్‌లో వెనక్కు తగ్గింది. 2023లో అదే కంపెనీ కాన్సాస్ సిటీ సదరన్‌ను కలుపుకుంది గాని, అది అన్నిటికంటె చిన్నది కనుక పాత నిబంధనల కిందనే పోయింది. దానితో ఏడు ఆరయ్యాయి.

ఇక మొదట చెప్పిన బేరం. పోటీ కంపెనీలు, రసాయన పరిశ్రమ సంఘం అభ్యంతరం చెబుతున్నాయి. యూనియన్లలో చీలిక వచ్చింది. గార్డులు ఎక్కువగా ఉండే పెద్ద యూనియన్ ఉద్యోగ హామీ పొంది 2025లోనే మద్దతుకు మారింది. ఇంజను డ్రైవర్ల యూనియన్, ట్రాకు కార్మికుల యూనియన్ వద్దన్నాయి. 1964 నాటి కాగితం తెలిసినవారికి ఈ చీలిక కొత్తగా తోచదు. 2025 డిసెంబరులో వేల పేజీల దరఖాస్తు దాఖలయింది. 2026 జనవరి 16న బోర్డు దాన్ని అసంపూర్తిగా ఉందని తిప్పి పంపింది. కలిశాక ఏ సరుకులో ఎంత వాటా తమదవుతుందో పూర్తి అంచనా ఇవ్వలేదన్నది కారణాల్లో ఒకటి. సరిచేసి మళ్ళీ దాఖలు చేసుకోవచ్చునని కూడా చెప్పింది.

మన సభ్యుల్లో అమెరికా వెళ్ళివచ్చినవారు అక్కడి యార్డులుగాని, రిటైరయిన రైల్వేవారినిగాని చూసి ఉంటే, ఆ వివరాలు వచ్చే సంచికకు వ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.